గోడ అవతలి సర్వర్‌కి పనికొచ్చే కొన్ని చిట్కాలు

మానవజాతి నిప్పు కనిపెట్టింది, చక్రం కనిపెట్టింది, ఆ తర్వాత చాలాకాలం ఏమీ తోచక కూర్చుని, చివరికి నల్లటి తెరమీద తెల్లటి అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కడం కనిపెట్టింది. మొదటి రెండూ లేకపోయినా మనిషి ఎలాగోలా బతుకుతాడేమో గానీ, మూడోది సరిగ్గా జరగకపోతే పోర్ట్‌బ్లెయిర్‌లో ఓడ ఎక్కలేడు. ఈ సంగతి ఇంకా కొంతమందికి తెలియలేదు కాబట్టి, మన బతు బస్తీ తెలుగువాళ్ళ గ్రూపులో ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. (ఫొటోలు పెట్టడం లేదు. మన ఉపగ్రహం ఇంటర్నెట్‌లో అవి తెరుచుకునే లోపు మీ పిల్లల పెళ్ళిళ్ళు అయిపోతాయి. సముద్రం కింద కేబుల్ వేస్తారట. వేసేదాకా చదువుకోండి.)

నేను ద్వీపవాసుల దాఖలా కేంద్రంలో పనిచేస్తున్నాను. కాగితం మీద రోజుకూలీ మజ్దూర్‌ని, కుర్చీ మీద కంప్యూటర్ ఆపరేటర్‌ని. నా చదువు తొమ్మిదిలో ఆగింది. కంప్యూటర్ ఆ విషయం ఎప్పుడూ అడగలేదు, అందుకే మా ఇద్దరికీ పడింది.

మన ద్వీపాల్లో మనిషి ఉన్నాడనడానికి రుజువు మనిషి కాదు, దాఖలా కార్డు. కార్డు ఉంటే విశాఖ ఓడలో ద్వీపవాసుల కోటాలో బెర్త్ ఇస్తారు. లేకపోతే మీరు టూరిస్టు. టూరిస్టుల బెర్తులు ఓడ పేరు ప్రకటించక ముందే అయిపోతాయి. మొన్నటిదాకా ఈ కార్డు ప్లాస్టిక్ కాగితంలో పెట్టి నొక్కిన అట్టముక్క. ఇప్పుడు అందరి వివరాలూ సర్వర్‌లోకి ఎక్కించి కొత్త కార్డు ఇస్తున్నాం. పాత కార్డు ఇవ్వగానే దాని మూల కత్తిరించి, చెల్లదని చెప్పి, గుర్తుగా ఉంచుకోమని తిరిగి ఇస్తాం. కొత్తది ఎప్పుడు వస్తుందన్న ప్రశ్నకి మా కౌంటర్ మీద ఒక బోర్డు ఉంది. ‘ప్రశ్నలు అడగరాదు’ అని.

సర్వర్ అంటే ఏమిటో తెలియనివాళ్ళకి చెబుతాను. అది ఒక పెద్ద కంప్యూటర్. ఏసీ గదిలో ఉంటుంది. ఆ ఏసీ మా ఎవరికీ లేదు.

మా సర్వర్ మేము కూర్చునే హాలుకి పక్క గదిలోనే ఉంది. మధ్యలో ఒక్క గోడ. అయితే ఆ గదికి తాళం వేసిన ఆఫీసరు గారు తాళంచెవితో సహా మెయిన్‌ల్యాండ్‌కి బదిలీ అయిపోయారు. తాళం పగలగొట్టాలంటే వేసినవారి సమక్షంలోనే పగలగొట్టాలని నిబంధన. ఆయన వచ్చే పనైతే తాళంచెవే తెస్తారు కదా, పగలగొట్టడం దేనికి అని ఆ ఫైలు మీద ఎవరో రాశారు. అక్కడితో ఆగింది. అందుచేత మా సిస్టమ్ ఇంచార్జి ఆనందబాబు గోడకి ఇవతల కూర్చుని, ఉపగ్రహం ద్వారా చెన్నై వెళ్ళి, అక్కడినుంచి మళ్ళీ ఉపగ్రహం ద్వారా వెనక్కి వచ్చి, గోడకి అవతల ఉన్న సర్వర్‌తో మాట్లాడతాడు.

కాబట్టి మొదటి చిట్కా. కమాండ్ అక్షరాలు కొట్టాక తెర వైపు చూడకండి. ఏమీ కనబడదు. వెళ్ళి టీ తాగి రండి. వచ్చేసరికి మీరు కొట్టిన అక్షరాలు ఒక్కొక్కటే వస్తుంటాయి. ఓపిక లేక రెండోసారి కొడితే పని రెండుసార్లు జరుగుతుంది. ప్రభుత్వంలో ఒకసారి జరగడమే ఎక్కువ కాబట్టి దీనిమీద మాకు మెమో కూడా వచ్చింది.

ఇక్కడ దేముడమ్మక్క గురించి చెప్పాలి. మా వీధి చివర చేపలు అమ్ముతుంది. గ్రూపులో సగంమంది ఆవిడ దగ్గర కొన్నవాళ్ళే. ఒక కన్ను ఇదివరకే పోయింది. రెండోదానికి కూడా మసక కమ్ముకొస్తోంది. ఇప్పుడు పొలుసు చేత్తో తడిమి తీస్తోంది, వేళ్ళకి ఎప్పుడూ గుడ్డపీలికలే. ఇక్కడి డాక్టరు గారు ఇది మా వల్ల కాదు, విశాఖ వెళ్ళమన్నారు. అక్కడి కంటి ఆసుపత్రివాళ్ళు తేదీ ఇచ్చారు. ఆ తేదీ దాటితే ఆపరేషన్ చేసినా చూపు రాదని కూడా చెప్పారు. ఆ తేదీకి అందే ఓడ ఒక్కటే ఉంది. పాత కార్డు మూల కత్తిరించి చాలాకాలమైంది.

ఆవిడ మొదటిసారి కౌంటర్ దగ్గరికి వచ్చినరోజు నేను పక్కనే ఉన్నాను. కౌంటర్‌లో ప్రేమావతి ఉంది.

“అమ్మా, ఆప్‌కా అప్లికేషన్ ఆల్రెడీ హై. మళ్ళీ పెట్టడం కుదరదు” అంది ప్రేమావతి తెర చూస్తూ.

“ఉంటే కార్డియ్యవే దీదీ.”

“కార్డు రాదమ్మా. లోపల ఏమీ లేదు.”

“నా లోపల ఏటి లేదు?”

“నీ లోపల కాదు, నీ ఫైలు లోపల.”

“అయితే మళ్ళీ రాసుకో. పేరు సెప్తాను, దేముడమ్మ.”

“మళ్ళీ ఎలా రాస్తాను? నువ్వు ఆల్రెడీ ఉన్నావు కదా!”

దేముడమ్మక్క నా వైపు తిరిగింది. ఆవిడకి నేను సరిగ్గా కనబడలేదు గానీ, నా దగ్గు గుర్తుపట్టింది.

“తమ్ముడూ, ఈ గుంట ఉన్నానంటంది, లేనంటంది. ఏటో ఒకటి తేల్సండర్రా. ఉంటే ఓడెక్కుతాను, లేకపోతే ఇంటికెల్లి తొంగుంటాను.”

సమంజసమైన కోరికే. ఆవిడని ఆనందబాబు దగ్గరికి తీసుకెళ్ళాను.

ఆనందబాబు మంచివాడు. సిప్పీఘాట్‌లో జరిగిన ఒకరోజు శిక్షణలో పాల్గొని సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. (ఆరోజు కరెంటు లేదు. శిక్షణ మొత్తం నల్లబోర్డు మీద చాక్‌పీసుతో జరిగింది. అది కూడా నల్లదే కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదట.) అతను ఎల్ఎస్ అని కొట్టాడు. ఇది రెండో చిట్కా. సర్వర్‌లో ఎవరెవరి ఫైళ్ళు ఉన్నాయో, ఒక్కొక్కటి ఎంత బరువుందో ఇది చూపిస్తుంది. టీ తాగి వచ్చేసరికి పేర్లు వచ్చాయి. అప్పలరాముడు, ఎరుకమ్మ, కామమ్మ, గురువమ్మ, తాతమ్మ, దేముడమ్మ. అందరి పక్కనా సున్నా.

“భయ్యా, సబ్ కా సబ్ జీరో” అన్నాడు ఆనందబాబు. “పేరు ఎక్కింది, మనిషి ఎక్కలేదు.”

“పేరెక్కాక మనిసి ఎక్కడుండిపోనాడ్రా?” అంది దేముడమ్మక్క.

“డిస్క్ నిండిపోయింది పిన్నీ. బస్సు అనుకో. కండక్టరు మీ పేరు రాసుకున్నాడు, టికెట్ చింపాడు, బస్సులో మాత్రం కాలు పెట్టడానికి చోటు లేదు. బస్సు వెళ్ళిపోయింది.”

“మరి కండకటేరు ఏటి సేత్తన్నాడు?”

“అదే పిన్నీ, మీరు ఎక్కారని చెబుతున్నాడు.”

ఇక్కడ మూడో చిట్కా, డీఎఫ్. డిస్క్ ఎంత నిండిందో శాతంలో చెబుతుంది. ఆనందబాబు కొట్టాడు. వంద శాతం అని వచ్చింది. ఇది చూసి మామూలు మనుషులు కంగారుపడతారు. మా సూపరింటెండెంట్ కృపానందం గారు మామూలు మనిషి కాదు. ఆయనది ఎప్పుడూ తెల్లచొక్కా, తెలుగు చర్చిలో పెద్ద, ఎవరినీ గట్టిగా ఒక మాట అనరు. కళ్ళజోడు తుడుచుకుని తెర దగ్గరికి వచ్చి, నిలబడి చూశారు.

“వంద శాతమా? బాబూ, ఈ ద్వీపాల్లో ఇంకే కేంద్రానికైనా వంద వచ్చిందా?”

“సర్, అది మార్కులు కాదు సర్, డిస్క్ ఫుల్ అని…”

“వినియోగమే కదా?”

“వినియోగమే సర్.”

“ఇచ్చిన నిధులు పూర్తిగా వినియోగిస్తే మనల్ని మెచ్చుకుంటారు. ఇచ్చిన డిస్క్ పూర్తిగా వినియోగిస్తే తిడతారా?”

సిప్పీఘాట్ శిక్షణలో ఇది చెప్పలేదు. వెంటనే పై కార్యాలయానికి రిపోర్టు వెళ్ళింది. పై కార్యాలయం మా కేంద్రాన్ని అభినందిస్తూ, ఈ వంద శాతాన్ని ఇకముందు కూడా నిలబెట్టుకోవాలని రాసింది. ఆ కాగితాన్ని ప్లాస్టిక్‌లో పెట్టి నొక్కించి గోడకి తగిలించాం. (సర్వర్ ఉన్న గోడకే.)

కాకపోతే అభినందనతోపాటు ఒక నిబంధన కూడా వచ్చింది. ఇకనుంచి సర్వర్ మీద ఏ కమాండ్ కొట్టినా ముందు ఫైలు మీద అనుమతి తీసుకోవాలి. కొట్టాక తెరని ప్రింటు తీసి, సంతకం పెట్టి, ముద్ర వేసి, స్కాన్ చేసి, ఆ స్కాన్‌ని సర్వర్‌లోనే భద్రపరచాలి. అంటే డిస్క్‌లో జాగా ఎంత ఉందో చూస్తే, చూసినందుకు డిస్క్‌లో జాగా పడుతుంది. చూడకపోతే చూడనందుకు సంజాయిషీ ఇవ్వాలి. అది కూడా స్కాన్ చేసే ఇవ్వాలి.

మరి నిండిపోయిన డిస్క్‌లో ఈ స్కాన్‌లు ఎలా పడుతున్నాయి అని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. సర్వర్ తయారుచేసినవాళ్ళు మన ద్వీపాలు చూసి ఉంటారని నా అనుమానం. డిస్క్ మొత్తం జనానికి ఇవ్వకుండా, కొంత భాగం సర్వర్‌ని నడిపే పెద్ద కోసం ముందే పక్కన పెట్టేస్తారు. జనానికి నిండిపోయినా పెద్దకి మిగిలే ఉంటుంది. మన ఓడల్లో కింద బంకుల్లో మనుషులు ఒకరి మీద ఒకరు పడుకుంటే, పైన ఎవరో రావచ్చని తాళం వేసిన క్యాబిన్లు ఖాళీగా ప్రయాణం చేస్తాయి చూడండి, అలాగన్న మాట. మా స్కాన్‌లు క్యాబిన్‌లో ప్రయాణం చేస్తున్నాయి. దేముడమ్మక్క బంకులోకి కూడా ఎక్కలేదు.

ఆ సర్వర్ పెద్ద హోదా దొరకాలంటే సుడో అనే మాట వాడాలి. ఇది నాలుగో చిట్కా. ఏ కమాండ్‌కైనా ముందు సుడో అని పెడితే ‘పై అధికారి ఆజ్ఞ ప్రకారం’ అని అర్థం. కంప్యూటర్లు కనిపెట్టినవాళ్ళలో ఎవరో ఒకరు గుమాస్తాగా చేసి ఉండాలి. మొదటిసారి వాడినప్పుడు తెరమీద ఒక హితబోధ వస్తుంది. ఇతరుల గోప్యతని గౌరవించు, కొట్టేముందు ఆలోచించు, అధికారంతోపాటు బాధ్యత వస్తుంది అని. కృపానందం గారు దాన్ని లేచి నిలబడి చదివారు. చదివి, “చాలా మంచి మాటలు. ఎవరు బాబూ ఈయన?” అన్నారు.

హక్కు లేనివాడు సుడో వాడితే మాత్రం, ‘ఈ సంఘటన నివేదించబడుతుంది’ అని వస్తుంది. ఒకసారి పొరపాటున నాకు వచ్చింది. నివేదిక ఎవరికి వెళ్ళింది, మనకి ఎందుకు రాలేదు అని కృపానందం గారు కొన్నివారాలు ఎదురుచూశారు. తపాలా గుమాస్తాని రోజూ అడిగేవారు. చివరికి నివేదిక అందలేదని మేమే పై కార్యాలయానికి నివేదించాం.

కిల్ అని ఇంకో కమాండ్ ఉంది. మొరాయించిన ప్రోగ్రాముని ఆపడానికి. ఆ మాటకి అర్థం తెలిసినప్పుడు కృపానందం గారి మొహం తెల్లబడింది. “నా సంతకంతో చంపడాలు జరగవు” అన్నారు. ఒక కమాండ్‌కి ఇంకో పేరు పెట్టుకునే వీలుంటుందని ఆనందబాబు చెప్పాడు. అప్పటినుంచి మా కేంద్రంలో ఏ ప్రోగ్రామూ చావడం లేదు, అన్నీ పదవీ విరమణ చేస్తున్నాయి. యెస్ అనే కమాండ్ కూడా ఉంది. కొడితే ఆపేదాకా అవును, అవును అని తెర నిండా చెబుతూనే ఉంటుంది. మా కార్యాలయంలో అది వాడుకలో లేదు.

ఓడ తేదీ దగ్గరపడింది. దేముడమ్మక్క రోజూ చేపల బుట్ట దింపగానే కౌంటర్‌కి వచ్చేది. ఆవిడ వస్తే వాసనకి క్యూ దానంతట అదే జరిగి దారి ఇచ్చేది. మా పద్ధతుల్లో సరిగ్గా పనిచేసినది ఇదొక్కటే.

“తమ్ముడూ, నాను బరువెక్కినానా?” అని అడిగేది.

“ఇంకా లేదక్కా.”

“నా కొడుకు పోలిరాజు మిన్నీబే కాడ పడవ కట్టీసి, నన్ను జెట్టీకి తోలడానికని ఉండిపోనాడురా. యాటకెల్లడం లేదు. బేగి తెమల్సండి.”

ఒకరోజు ఆనందబాబు కాస్త ధైర్యం చేశాడు. ఏ ఫైలు ఎక్కువ జాగా తింటోందో కనిపెట్టి కృపానందం గారి దగ్గరికి వెళ్ళాడు. నేను టీ పట్టుకెళ్ళాను.

“సర్, పూరా జాగా ఒకే లాగ్ ఫైలు తినేస్తోంది సర్. దాన్ని తీసేస్తే అందరి అప్లికేషన్లూ పడతాయి.”

“ఆ ఫైల్లో ఏముంది?”

“ఎవరిదైనా అప్లికేషన్ పట్టకపోతే, జాగా లేదు అని అందులో ఒక లైను రాసుకుంటుంది సర్. మొత్తం అదే. జాగా లేదు, జాగా లేదు, జాగా లేదు.”

కృపానందం గారు టీ పక్కన పెట్టారు.

“బాబూ, జాగా లేదనడానికి మన దగ్గర ఉన్న ఆధారం అదొక్కటే. దాన్ని తీసేస్తే రేపు ఆడిట్‌వాళ్ళు వచ్చి, జాగా లేదని ఎలా చెప్పారు అంటే ఏం చూపిస్తాం?”

“తీసేస్తే జాగా ఉంటుంది కదా సర్?”

“ఉంటే వినియోగం వంద శాతం ఉంటుందా?”

ఆనందబాబు వెనక్కి వచ్చి టెయిల్ కమాండ్ పెట్టుకుని కూర్చున్నాడు. ఇది చాలా ఉపయోగకరమైనది. ఫైలు చివర కొత్తగా చేరే లైన్లు వరసగా చూపిస్తూ ఉంటుంది. మనం ఏమీ చెయ్యనక్కరలేదు. దూరంనుంచి చూసినవాళ్ళకి తీవ్రంగా పని జరుగుతున్నట్టు ఉంటుంది. ‘జాగా లేదు’ లైన్లు ఒకదాని కింద ఒకటి వస్తున్నాయి. మధ్యలో ఒకచోట ఆగి, “యే దేఖో భయ్యా, ఇది మీ దేముడమ్మ పిన్నిదే” అని చూపించాడు. ఆవిడ గురించి సర్వర్‌లో బరువున్న లైను అదొక్కటే.

అంతలో పై కార్యాలయం నుంచి ఆదేశం వచ్చింది. విశాఖ ఓడ బయలుదేరే లోపు పెండింగ్ దరఖాస్తులు సున్నా కావాలి. డిస్క్ వినియోగం వంద శాతం నుంచి ఏమాత్రం తగ్గరాదు.

రెండూ ఎలా సాధ్యమని మీకు అనిపించవచ్చు. మీరు ఆఫీసులో పనిచేయలేదు కాబట్టి అనిపిస్తుంది. కృపానందం గారు కమిటీ వేశారు. ఆయన, ఆనందబాబు, టీకి నేను. అనవసరమైన ఫైళ్ళు తొలగించాలన్నది ఎజెండా. అనవసరం అంటే ఏమిటన్న దానిమీద చర్చ భోజనాల వేళ దాకా సాగింది. పాత స్కాన్‌లు అనవసరమా? వాటిమీద ముద్రలున్నాయి. లాగ్ ఫైలా? అది ఆధారం. అభినందన పత్రం నకళ్ళా? ఆ ప్రశ్న వేసినవాళ్ళే లేరు. చివరికి ఆనందబాబు సిప్పీఘాట్‌లో రాసుకున్న ఒక చిట్కా చదివాడు.

“ఫైండ్ అని ఒక కమాండ్ ఉంది సర్. బరువు సున్నా ఉన్న ఫైళ్ళని వెతికి, తనే తీసేస్తుంది.”

“ఏమీ లేనివాటిని తీసేయడం. అదే అనవసరం అంటే” అన్నారు కృపానందం గారు. తర్వాత కొంచెం ఆలోచించి, “ఎవరిపట్లయినా పక్షపాతం చూపిస్తుందా?” అని అడిగారు.

“పేరు చూడదు సర్. సున్నా అయితే చాలు.”

“అయితే న్యాయమే.”

నేను గ్లాసులు తీస్తూ, “సర్, అందులో దేముడమ్మక్క కూడా ఉంది. ఎల్లుండి ఓడ” అన్నాను.

“ఆమె మంచికేనయ్యా. ఆల్రెడీ ఉందనే కదా కొత్త దరఖాస్తు తీసుకోనిది? రేపటినుంచి ఉండదు. హాయిగా కొత్తగా పెట్టుకోవచ్చు.”

ఆ మాట నాకు కూడా సబబుగానే తోచింది. సాయంత్రం వెళ్ళి చెప్పాను. దేముడమ్మక్క గుమ్మంలో కూర్చుని వలకి చిల్లులు తడుముతోంది.

“అంటే రేపు నన్ను తీసీసి, మల్లీ ఎడతారు. అంతేనా?”

“అంతే అక్కా.”

“తీసినోళ్ళు మల్లీ ఎట్టడం నానెక్కడా సూల్లేదు తమ్ముడూ. సర్లే, నీ మాట మీద పోతాను.”

మర్నాడు ఆనందబాబు అనుమతి ఫైలు మీద సంతకం అయ్యాక సుడో పెట్టి, ఫైండ్ కొట్టి, ఎంటర్ నొక్కి, మా అందరితోపాటు టీకి వచ్చాడు. తిరిగి వెళ్ళేసరికి తెరమీద ఏమీ లేదు. ఈ కమాండ్‌లు పని సవ్యంగా చేస్తే మాట్లాడవు. తప్పు జరిగితేనే మాట్లాడతాయి. (దీన్నిబట్టి అవి ప్రభుత్వానివి కావని తెలుస్తుంది.) ఎల్ఎస్ కొట్టి చూస్తే పేర్లు లేవు. అప్పలరాముడు లేడు, ఎరుకమ్మ లేదు, తాతమ్మ లేదు. పెండింగ్ సున్నా. డీఎఫ్ కొట్టి చూస్తే వినియోగం వంద. కృపానందం గారు కళ్ళు మూసుకుని స్తోత్రం చెప్పుకున్నారు. ఇంత మంచి ఫలితం ఒకరోజుతో ఆగకూడదని, ఆ కమాండ్ రోజూ దానంతట అదే నడిచేలా పెట్టించారు. అలా పెట్టుకునే వీలు కూడా ఉంది. క్రాన్ అంటారు. ఏ పనైనా ఒక్కసారి అప్పజెబితే మనం మరిచిపోయినా అది మరిచిపోదు.

ఓడ రోజు పొద్దున్నే దేముడమ్మక్క సంచీతో సహా వచ్చేసింది. తలకి నూనె రాసుకుని, ఉతికిన చీర కట్టుకుని, వేళ్ళకి కొత్త గుడ్డపీలికలు చుట్టుకుంది. పోలిరాజు బయట ఆటోలో ఉన్నాడు. ప్రేమావతి పేరు కొట్టింది. ఈసారి ‘ఆల్రెడీ హై’ రాలేదు. దరఖాస్తు స్వీకరించబడింది అని వచ్చింది. ప్రేమావతి కూడా నవ్వింది.

“హో గయా అమ్మా! ఇప్పుడు కార్డు ప్రింటు వస్తుంది. కూర్చో.”

ప్రింటు వచ్చింది. మంచి కార్డు. మెరుస్తోంది. పేరు లేదు, తండ్రి పేరు లేదు, ఊరు లేదు, ఫొటో గళ్ళో తెల్లగా ఉంది. నేను తీసుకుని వెనక్కి తిప్పి చూశాను. వెనక మాత్రం నిబంధనలన్నీ పూర్తిగా ఉన్నాయి.

“ఏటి రాసుంది తమ్ముడూ? నాకగుపడ్డం లేదు.”

“నాకూ కనబడ్డం లేదక్కా” అన్నాను.

ఆనందబాబు పరిగెత్తుకొచ్చాడు. మళ్ళీ సున్నాయే ఎక్కిందన్నాడు. అతని వెనకే కృపానందం గారు వచ్చారు. ఆయన కంగారు వేరు. పెండింగ్ ఒకటి అని చూపిస్తోంది. పై కార్యాలయానికి మధ్యాహ్నంలోపు రిపోర్టు వెళ్ళాలి.

“బాబూ, ఆ కమాండ్ సాయంత్రం కదా నడిచేది. ఈ ఒక్కరోజుకి ఇప్పుడే నడిపించు.”

“సర్, పిన్ని ఇక్కడే కూర్చుంది సర్.”

“ఆమెని కూర్చోనివ్వు. ఆమెని ఎవరూ ఏమీ అనకండి. టీ ఇప్పించండి.”

టీ ఇప్పించాం. టీ పూర్తయ్యేసరికి ఆవిడ మళ్ళీ లేకుండా పోయింది. బెంచీ మీద మాత్రం ఉంది. జెట్టీ వైపునుంచి ఓడ మొదటి కూత వినబడింది. బయట పోలిరాజు ఆటో హారన్ కొట్టిస్తున్నాడు.

దేముడమ్మక్క గ్లాసు కింద పెట్టింది.

“తమ్ముడూ, ఒక మాట. మమ్మల్నందర్నీ తీసీసినారు గదా. అంతమందిమి పోతే శానా జాగా వొచ్చుంటాది. అందల నన్నొక్కదాన్నీ ఎట్టీండిరా. మిగతావోళ్ళని తరవాత సూద్దురు గాని.”

ఇది ఎవరికీ తోచలేదు. ఆనందబాబు మొహం వెలిగింది. అనుమతి ఫైలు లేకుండానే డీఎఫ్ కొట్టాడు. (దీనికి అతనికి తర్వాత మెమో వచ్చింది.) ఈసారి టీకి ఎవరం వెళ్ళలేదు. అందరం తెర ముందు నిలబడి చెన్నైనుంచి అక్షరాలు వచ్చేదాకా చూశాం. ఒకటి వచ్చింది. దాని వెనక సున్నా వచ్చింది. తర్వాత ఇంకో సున్నా కూడా వచ్చింది.

“వంద. ఏమీ రాలేదు పిన్నీ” అన్నాడు ఆనందబాబు.

“అంతమందిమి ఎల్లిపోతే జాగా రాలేదా? మా అయ్య యర్రయ్య ఒక్కడు సచ్చిపోతే మా ఇంట్ల మంచమంత జాగా వొచ్చింది గదరా!”

కృపానందం గారు బెంచీ మీద ఆవిడ పక్కన కూర్చున్నారు. ఆయన అబద్ధం చెప్పరు, చర్చిలో అందరికీ తెలుసు.

“అమ్మా, మీ ఫైళ్ళలో ఏమీ లేదు. ఏమీ లేనిది జాగా తీసుకోదు. అందుకే తీసినా జాగా రాదు.”

“జాగా రాకపోతే మరెందుకు తీసినారు బావూ?”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, నెమ్మదిగా చెప్పారు.

“తీసినా తేడా తెలియదని, అమ్మా.”

ఓడ రెండో కూత వేసింది. దేముడమ్మక్క ఆ ఖాళీ కార్డుని రవికలో పెట్టుకుని, సంచీ భుజాన వేసుకుని, గోడ తడుముకుంటూ గుమ్మం వైపు నడిచింది. పోలిరాజు లోపలికి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. “ఎక్కనిచ్చినారా అమ్మా?” అని అడిగాడు. ఆవిడ, “ఇంటికి పోనీరా” అంది.

ఆరోజు మధ్యాహ్నం రిపోర్టు సమయానికే వెళ్ళింది. పెండింగ్ సున్నా, వినియోగం వంద శాతం, ప్రజలనుంచి సర్వర్‌లో నమోదైన ఫిర్యాదులు ఏవీ లేవు. నమోదు చేయడానికి జాగా లేదు కాబట్టి అందులో అబద్ధం కూడా లేదు.